పరగడుపు అని నేను పెట్టిన టిక్కు

గౌరవనీయులైన సంచాలకుల వారి సముఖమునకు,
శంషాబాద్ మండలంలోని మన వైద్య పరిశోధన సంస్థలో సీనియర్ శాస్త్రవేత్త డా. జయశీల సమర్పించుకొను అర్జీ.

విషయం: నా పేరున ఉన్న ప్రసిద్ధ పేపరును వెనక్కి తీసుకొనుటకు, ఉత్తమ పరిశోధకుల జాబితా నుండి నన్ను తొలగించుటకు అనుమతి గురించి.

అయ్యా,

1. నేను పదకొండేళ్లలో పందొమ్మిది పేపర్లు ప్రచురించితిని. వాటిలో పద్దెనిమిదింటికి కలిపి వచ్చిన సైటేషన్లు, అనగా ఇతర పేపర్లలో ప్రస్తావనలు, నలభై ఒకటి. అందులో ఏడు నాకు నేను ఇచ్చుకున్నవే. మిగిలిన ఒక్కదానికి మాత్రం నాలుగు వందల పన్నెండు వచ్చినవి. పాల్మాకుల గ్రామపు ఆడవాళ్లలో పరగడుపున షుగర్ అసాధారణంగా ఎక్కువున్నదని చెప్పిన పేపరు అదే. నా పేరుప్రతిష్ఠలన్నీ దాని మీదనే ఉన్నవి. అది తప్పు.

2. మూడేళ్ల క్రితం పాల్మాకులలో కుర్మయ్య గారి ఇంటి అరుగు మీద రక్త నమూనాలు తీయుటకు నిశ్చయించితిమి. ఏమీ తినకుండా రమ్మని ముందురోజే చెప్పించితిని. నలభై ముగ్గురు ఆడవాళ్లు పొద్దున ఆరింటికే వచ్చిరి. మా బండి ఎనిమిదింటికి చేరినది. "ఏం తినలే మేడమ్" అని అందరూ చెప్పిరి. నిజమే చెప్పిరి. ఆఖరి నమూనా తీసి డబ్బా మూసినాక, కుర్మయ్య గారి భార్య సత్తెమ్మ నాకు చాయ గ్లాసు అందించి, "అందరు తాగిన్రు, మీరే మిగిలిన్రు" అన్నది.

"ఎప్పుడు తాగారమ్మా?"

"మీరొచ్చే ముందల. గంతసేపు ఇంటి ముందర కూసుంటె చాయ పొయ్యకుంట ఎట్లుంట? రెండోసారి గూడ పోసిన."

చక్కెర ఎంత వేశావని అడగలేదు. అడిగితే రాయవలసి వస్తుంది. అక్కడ చాయ తాగడం తినడం కిందికి రాదని, పోసిన చాయ వద్దనడం మర్యాద కాదని, షాద్‌నగర్‌లో పుట్టి పెరిగిన నాకు తెలియదా? సదస్సుకు సారాంశం పంపుటకు మర్నాడే గడువు. నలభై మూడు ఫారాల్లోనూ "పరగడుపు" అన్న గడిలో నా చేత్తోనే టిక్కు పెట్టితిని. సిగ్గు లేకుండా ఆ చాయ కూడా తాగాను.

3. పై నమూనాల ప్రకారం పదిహేడు మందికి షుగర్ ఉన్నదని జాబితా రాసి ఊరి దవాఖానకు ఇచ్చితిని. సంస్థ ముద్ర చూసి వారు మాత్రలు రాసిరి. తరువాతి పరీక్షల్లో మామూలుగా వస్తే, మందు బాగా పనిచేస్తున్నదని సంతోషించిరి. నేను ఊరకుంటిని.

4. ఆ పదిహేడు మందిలో ఒకరైన భారతమ్మ, ఆకుకూరలమ్ముకునే మనిషి, పోయిన నెల శంషాబాద్ బస్టాండులో షుగర్ పడిపోయి కూలిపోయినది. మణికట్టు విరిగినది. మాత్రలు ఆపించి, ఈసారి నిజంగా పరగడుపున నేనే పరీక్ష చేసితిని. ఎనభై ఆరు. ఆమెకు షుగర్ లేదు సార్, ఎన్నడూ లేదు.

"మూడేండ్లు తీపి నోట్లె వెట్టలే మేడమ్. మనవరాలి పెండ్లిల గూడ లడ్డు పక్కకు వెట్టిన. మరి అప్పుడు గట్లెట్ల వచ్చింది?" అని అడిగింది. కోపంగా కూడా అడగలేదు.

మిషన్ తప్పు చూపించిందని చెప్పాను.

"పోనీ తియ్యి, మీరేం జేస్తరు" అని నాకే ధైర్యం చెప్పింది.

5. కావున పేపరును, ఉత్తమ పరిశోధకుల జాబితాలోని నా పేరును తీసివేయించి, మిగిలిన పదహారు మందికి తిరిగి పరీక్షలు జరిపించగలరు. మొదటి రెండూ ఆలస్యమైనా నష్టం లేదు. మూడోది ఆగదు. సంస్థ ముద్రతో వచ్చిన జాబితా సంస్థ ముద్రతోనే రద్దు కావలెనని దవాఖాన వారు అంటున్నారు. నేను ఇంటింటికీ పోయి మాత్రలు మానమంటే, "మీరే గద మేడమ్ ఏసుకోమన్నది" అని నవ్వుతున్నారు. ఈ పొద్దు కూడా వేసుకునే ఉంటారు.

మెచ్చుకోకుండా చిత్తగించవలెను.

ఇన్నాళ్లూ అవసరానికి మించి తమకు విధేయురాలు,
జయశీల

తా.క.: ఇది చదివి నన్ను పిలుస్తారని తెలుసు సార్. "కూర్చో జయా, వచ్చే నెల సంస్థ మదింపు అయిపోనీ" అంటారు. లోగడ రెండుసార్లు అలాగే అన్నారు. రెండుసార్లూ కూర్చున్నాను, బయటికొచ్చి అర్జీ చింపేశాను. అందుకే పేపరు తీసివేయమని జర్నల్ వారికి ఉత్తరం ఈ పొద్దున్నే పంపేశాను. దవాఖాన జాబితా రద్దు కాగితానికి ముద్ర వేసి అటెండరు చేతికివ్వండి, చాలు. నన్ను మాత్రం పిలవకండి. పిలిస్తే మళ్లీ కూర్చుంటాను.