అమ్మ పెట్టిన పత్తెం

చందానగర్,
ఆదివారం.

చిరంజీవి మధుకు, అక్క రేణుక మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, మీ బావ, పాప బాగున్నాం. అక్కడ ప్రొద్దుటూరులో నువ్వూ అమ్మా బాగున్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నీ షుగర్ ఎంతకు దిగింది? నిజం రాయి. అడిగినప్పుడల్లా "అంతా బాగుందిలే అక్కా" అంటావు. నాన్న కూడా కాలు తీసేసేదాకా అదే మాట అన్నాడు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. నువ్వు ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను స్పీకర్లోనే పెడతావు, పక్కనే అమ్మ కూర్చుని ఉంటుంది. నేను చెప్పాల్సింది అమ్మ గురించే. పైగా ఫోన్లో మొదలుపెడితే ఏడుపొస్తుంది, మాట సాగదు. అందుకే నీ సెల్‌ఫోన్ రిపేర్ షాపు అడ్రసుకు పంపుతున్నాను. గిరాకీ లేనప్పుడు చదువు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. పొద్దున కోకాపేటలో ఆఫీసు చేరేసరికే సగం ప్రాణం పోతుంది. క్యాబ్ ఒక్కోచోట కదలదు, లోపల కూర్చున్న వాళ్ళంతా ఫోనుల్లోనే మీటింగులకు హాజరు చెప్పుకుంటారు. కొత్త ప్రాజెక్టు వచ్చింది, పని ఎక్కువ. అయినా బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. బీపీ మాత్ర మానిపించారు. పాపతో పాటు సైకిలు వెనక పరుగెత్తుతున్నాను. ఇవన్నీ నిజాలే.

మొన్న నువ్వు అడిగావు కదా. "అక్కా, నీలాగే నేనూ బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకోమంటావా, వద్దంటావా? ఒక్క మాటలో చెప్పు" అని. అక్కడి డాక్టర్ ఇక ఆలస్యం చేయొద్దన్నాడనీ, నిద్రలో నీకు ఊపిరి ఆగి ఆగి వస్తోందనీ, అమ్మ మాత్రం ససేమిరా ఒప్పుకోవడం లేదనీ చెప్పావు. ఒక్క మాటలోనే చెప్తాను. కానీ ఆ మాట ఈ కాగితాల చివర ఉంటుంది. ముందే చివరికి వెళ్ళిపోకు, నీ సంగతి నాకు తెలుసు.

ముందు ఆపరేషన్ సంగతులు రాస్తాను, నాకు ఇవి చెప్పింది లక్ష్మక్క. మూసాపేటలో బట్టలు కుడుతుంది. నాకంటే ముందే ఆ ఆపరేషన్ చేయించుకుంది. ఆసుపత్రివాళ్ళు పాత పేషెంట్లనూ కొత్తవాళ్ళనూ ఒక చోట కూర్చోబెట్టినప్పుడు పరిచయమైంది. నేను భయపడుతుంటే చెయ్యి పట్టుకుని, "ఫికర్ చెయ్యకు బిడ్డా. కోసుడు డాక్టర్ పని. తర్వాతంత మన పని. గదే కష్టం" అన్నది.

ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్ళు అన్నం మాన్పించి పలచటివే ఇస్తారు. కాలేయంలో కొవ్వు తగ్గితేనే డాక్టర్‌కు లోపల చోటు దొరుకుతుందట. ఆ రోజుల్లో దొంగతనంగా తింటే నష్టం నీకే. ఇంకోటి, ఇక జన్మలో తినలేనేమో అని స్నేహితులతో కలిసి విందుల మీద విందులు మొదలుపెట్టకు. నేను అట్లాగే మొదలుపెట్టబోతే లక్ష్మక్క ఆపింది. "ఆఖరి బిర్యానీ అని రోజొకటి తింటే, ఇగ ఆఖరిదేదమ్మా?" అన్నది. నవ్వొచ్చింది కానీ సిగ్గు కూడా వేసింది.

తర్వాత సంగతి. నీళ్ళు గటగటా తాగడం ఇక మరిచిపో. గుటక, ఆగడం, మళ్ళీ గుటక. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు. ముద్ద చిన్నది, నమలడం ఎక్కువ. విటమిన్ మాత్రలు బతికినంత కాలం వేసుకోవాలి, ఒళ్ళు బాగుంది కదా అని మానేస్తే మళ్ళీ మంచాన పడతావు. నాలుగో నెలలో నా జుట్టు దువ్వెన నిండా వచ్చింది. భయపడకు, మళ్ళీ వస్తుంది. చొక్కాలు ఒకేసారి కొత్తవి కుట్టించుకోకు. నా జాకెట్లన్నీ లక్ష్మక్కే లోపలికి కుట్లు వేసుకుంటూ వచ్చింది. పొట్ట దగ్గర, చేతుల దగ్గర చర్మం వేలాడుతుంది. అద్దంలో చూసుకుని సన్నబడ్డానని మురవాలో ముసలిదాన్నయ్యానని ఏడవాలో తెలియని రోజులుంటాయి.

ఇక మనుషుల సంగతి. లావుగా ఉన్నప్పుడు "కొంచెం తగ్గరాదూ" అని చెప్పనివాడు పాపాత్ముడు. తగ్గాక వాళ్ళే "అయ్యో, చిక్కిపోయావేంటి, ఏం జబ్బు?" అంటారు. లోకులు కాకులని ఊరికే అనలేదు. నీ షాపుకు వచ్చే ప్రతివాడూ అడుగుతాడు, ఇప్పటి నుంచే చెవులు మూసుకోవడం నేర్చుకో.

నాకు కష్టంగా ఉండేది ఆఫీసులో మధ్యాహ్నం. అందరం డబ్బాలు తెరిచి ఒకరిది ఒకరం పంచుకునేవాళ్ళం, నీకు తెలుసు కదా. నా గుత్తి వంకాయకు పక్క టీమువాళ్ళు కూడా వచ్చేవారు. ఇప్పుడు పాప ఊరగాయ డబ్బాలో నా భోజనమంతా పడుతుంది. మిగతావాళ్ళు తిని, చేతులు కడుక్కుని, కబుర్లు కూడా అయిపోయి లేచి వెళ్తారు. నేను ఇంకా నములుతూనే ఉంటాను. ఖాళీ బల్ల ముందు ఒక్కదాన్నే కూర్చోవడం ఇప్పటికీ అలవాటు కాలేదురా. తిండి తగ్గుతుందని చెప్పారు కానీ, తిండి చుట్టూ ఉండే మనుషులు కూడా తగ్గుతారని ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెప్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం.

నాకు ఆపరేషన్ అయినప్పుడు అమ్మ ఇక్కడికి వచ్చింది కదా. అప్పుడు నేను మళ్ళీ ఆసుపత్రిలో చేరానని నీకు తెలుసు. "కడుపులో కాస్త తేడా చేసింది" అని మీ బావ నీకు చెప్పాడు. జరిగింది అది కాదు.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు, ఏం తినాలో చెప్పే అమ్మాయి అంతా ఇంగ్లీషులోనే చెప్పింది. నేను మందుల మత్తులో తల ఊపాను. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కనున్న నర్సును అడిగింది. ఆ పిల్ల మంచిదే, పనిలో ఉంది. "మంచిగ పత్తెం జెయ్యాలె అమ్మా, జర పైలం" అని వెళ్ళిపోయింది.

పత్తెమంటే అమ్మకు రాదా? నాకు పురుడు పోసింది, చిన్నమ్మ కూతురికి పురుడు పోసింది. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా పత్తెం సంగతి అమ్మనే అడుగుతారు. నాకు ఆ మొదటి వారమంతా మీ బావ డాక్టర్ చెప్పినట్లు పలచటి మజ్జిగ, పప్పుకట్టు వడగట్టి చెంచాలతో ఇచ్చాడు. అదంతా ఆసుపత్రి వాళ్ళ మందు అనుకుంది అమ్మ. పత్తెం వేరే పెట్టాలి కదా, అది తన పని కదా అనుకుంది. రెండో వారంలో, మీ బావ ఆఫీసుకు వెళ్ళిన పూట, పాతబియ్యం మెత్తగా వండి, వెల్లుల్లి కారం కొట్టి, నెయ్యి పోసి, వెన్నలా పిసికి తెచ్చింది. బాలింతకు పెట్టినట్లే.

"ఇంద మ్మా, పత్తెం కూడు. ఇది తింటే కుట్లు బిర్రున మానతాయి" అన్నది.

వద్దనాలని నాకు తెలుసు. కానీ అమ్మ చెయ్యి నోటి దాకా వస్తే నోరు తెరవకుండా ఉండటం నాకు రాదు మధూ. నీకూ రాదు. మనిద్దరం అట్లానే పెరిగాం. రెండు ముద్దలు తిన్నాను. మూడోది అమ్మ చేతిలోనే ఉంది, నాకు ఛాతీ కింద కత్తి దిగినట్లయింది. వాంతులు. ఒళ్ళంతా చెమటలు. లోపలి కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, అవి విడిపోతే ప్రాణం మీదికే వస్తుంది.

అంబులెన్సులో అమ్మ నా కాళ్ళు పట్టుకుని కూర్చుంది. స్కానింగ్ చేశారు. దేవుడి దయ, కుట్లు విడిపోలేదు. కానీ డాక్టర్ అందరి ముందూ అరిచాడు. "ఎవరు పెట్టారు అన్నం? చంపుదామనుకున్నారా?" అన్నాడు.

నేను "నేనే తిన్నాను" అన్నాను. అమ్మ మాత్రం ముందుకు వచ్చి నిలబడింది. "నేనే పెడితి సార్. పత్తెం చెయ్యమంటిరి గదా, చేస్తి" అన్నది. ఆయనకు ఆ మాటే అర్థం కాలేదు. నర్సుకు అర్థమైంది, తల వంచుకుంది. తప్పు ఎవరిదని చెప్పను? ఒకే మాట, ఆ పిల్ల తిండి కట్టడి అనుకుని అన్నది, అమ్మ బాలింత కూడు అనుకుని విన్నది.

నేను కోలుకున్నాను. అమ్మ కోలుకోలేదు.

పోయిన నెల నేను వచ్చినప్పుడు నువ్వు షాపులో ఉన్నావు. నీ ఆపరేషన్‌కు ఎందుకు ఒప్పుకోవని అమ్మను అడిగాను. దిష్టి అంటుందేమో, కత్తి భయమంటుందేమో అనుకున్నాను. అమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత అన్నది: "వాడు పడుకుంటే వాడికి పెట్టేదెవురు మ్మా? నేనే గదా. నా చెయ్యి మంచిది గాదు. ఒగసారి చూస్తి. ఇంగొగసారి చూడలేను."

నువ్వు అనుకుంటున్నట్లు అమ్మది మొండితనం కాదురా. తన చేతికి తానే భయపడుతోంది.

ఇంకొకటి కూడా చూశాను. ఆ రాత్రి నువ్వు ఇంటికి వచ్చాక నీకు సంగటి పెట్టి, పులుసు పోసి, ఎదురుగా కూర్చుంది. "నువ్వు తినవా?" అంటే "ఒక్కపొద్దులే" అన్నది. "అమ్మకు ఈ మధ్య భక్తి ఎక్కువైంది అక్కా, రోజూ ఒక్కపొద్దే" అని నువ్వు నవ్వుతూ, ఫోన్ చూసుకుంటూ తిన్నావు. నువ్వు బయటికి వెళ్ళాక వంటింట్లో అమ్మను నిలదీశాను. ఏ దేవుడికి ఈ ఒక్కపొద్దు అని.

"దేవునికి గాదు. నువ్వు ఆడ పిడికెడు తిని బతుకుతాండావు. నేను ఈడ కడుపు నిండా యాడ తినేది? దిగదు మ్మా" అన్నది.

నాకు ఆపరేషన్ అయి తను ఊరికి తిరిగి వచ్చినప్పటి నుంచి, అమ్మ రాత్రి పూట తినడం లేదు మధూ. రోజూ నీ ఎదురుగా కూర్చునే తినడం లేదు. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నువ్వు కూడా చూడాలని రాస్తున్నాను. నాకు ఆకలి లేక తక్కువ తింటున్నాను, ఆ పిడికెడు నాకు చాలు, నేను సుఖంగా ఉన్నాను అని ఎంత చెప్పినా అమ్మ నమ్మలేదు. నువ్వు చెప్తే నమ్ముతుందేమో.

ఇక నువ్వడిగిన ఒక్క మాట: చేయించుకో.

నాన్నలాగా నిన్ను పోగొట్టుకోలేను. ఇక్కడికే రా, మా ఇంట్లోనే ఉండు. నీ పక్కన అమ్మే ఉండాలి, ఇంకెవరూ వద్దు. ఈసారి తెలుగులో వివరంగా చెప్పేవాళ్ళను నేను చూసిపెట్టాను. ఈ పత్తెంలో అన్నం ఉండదని, చెంచా ఒక్కటే ఉంటుందని అమ్మకు వాళ్ళ చేతే చెప్పిస్తాను. ఆ చెంచా అమ్మే పట్టాలి. నీకు నయమవుతుంటే తన చేత్తోనే చూడాలి. లేకపోతే ఆ భయంతోనే పోతుంది.

కానీ ముందు నువ్వు ఒక పని చేయాలి. కంచం ముందు ఫోన్ పక్కన పెట్టి, అమ్మకు నువ్వు వడ్డించు. వద్దంటుంది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టు. నీ చెయ్యి వస్తే అమ్మకు కూడా నోరు తెరవకుండా ఉండటం రాదు. రాత్రి అమ్మ అన్నం తిన్నదని నువ్వు చెప్పిన రోజు నేను డాక్టర్ దగ్గర నీకు తేదీ తీసుకుంటాను. అంతవరకూ తీసుకోను.

ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఉలవలు, పప్పుల పొడి పంపు. బొరుగులు వద్దు. చిన్నమ్మకు, బాబాయికి నా నమస్కారాలు. అమ్మ పాదాలకు నా బదులు నువ్వు దండం పెట్టు, ఎందుకని అడిగితే అక్క పెట్టమన్నదని చెప్పు. పాప మామకు ముద్దులు పంపుతోంది. నిండు నూరేళ్ళు చల్లగా ఉండు నాన్నా.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
రేణుక