అతుకుల్లో చెక్కపొడి

బాబాయ్,

మీరు అలిగి ఫోన్ ఎత్తట్లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. జిగురు చిక్కబడాలని మీరు తెల్లపొడి కలిపి వేసిన పడవ అతుకులన్నీ గీకేసిన మాట నిజమే, కానీ ఊరికే కాదు. ముందు విడిగా చెక్కముక్కల్ని రెండు రకాలుగా అతికించి, బాగా ఆరాక ఎక్కి నిలబడి చూశాను. తెల్లపొడి అతుకు పుటుక్కున ఊడిపోయింది. సన్నటి చెక్కపొడి కలిపినదాంట్లో చెక్కే విరిగింది గానీ అతుకు కదల్లేదు. అందుకే పడవ అతుకులన్నీ చెక్కపొడితోనే మళ్ళీ వేశాను. తెల్లపొడితో పైపైన గుంటలు పూడుస్తాను, నున్నగా వస్తుంది.

"గోధుమరంగు గీతలతో అసహ్యంగా ఉందమ్మా" అన్నాను.

"నాకు ఈత రాదు. అందం సంగతి తర్వాత చూద్దాం" అంది అమ్మ.

ఆదివారం పడవ నీళ్ళలోకి దింపుతున్నాను. మీరు రాకపోయినా దింపుతాను. కానీ చెక్కలన్నీ కోసిపెట్టిన మరిది లేకుండా ఎక్కేది లేదని అమ్మ భీష్మించుకు కూర్చుంది. ఆవిణ్ణి ఒప్పించడం నా వల్ల కాదు. వచ్చెయ్యండి.

మీ మొండిపిల్ల