ఇరవై మూడో మనిషి

మార్చి 9, శనివారం

రేపు పారియా బేకి నడక. ఎల్ టుకూచే కొండ వద్దని చెయ్యెత్తిన వాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఆ కొండంటే ఇష్టం లేక కాదు. పైకెక్కాక మేఘం కమ్మిందంటే పక్కనున్న మనిషి కూడా కనపడడు. మా ఆదివారం బృందంలో వరస చివర నడిచేది నేను. నా వెనక ఎవరూ ఉండకూడదు. ఉన్న డ్యూటీ అదొక్కటే. కళ్ళకు కనపడకపోతే డ్యూటీ ఏం చేస్తాను?

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చుట్టుపక్కల నాకు ఇష్టమైన దారీ, భయం లేని దారీ ఎప్పుడూ ఒకటి కావు. ఎడిత్ ఫాల్స్ దారిలో వెదురు పొదల చాటున మలుపులు. మరాకస్ జలపాతం దగ్గర ఫోను ఎత్తిపట్టుకుని వెనక్కి వెనక్కి నడిచే జనం. ఫోర్ట్ జార్జ్ ఒక్కటే నయం, తారు రోడ్డు. అక్కడ తప్పిపోవాలంటే కష్టపడాలి. పారియా వేరు. రెండున్నర గంటల నడక, ఓ పక్క అడవి, ఓ పక్క సముద్రం, చివర్లో ఒక్క ఇల్లు కూడా లేని ఇసుక. రోడ్డు లేదు, సిగ్నల్ లేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. అన్నిటికన్నా భయపెట్టేదీ అదే.

మోకాలి పట్టీ, ఉప్పు బిస్కట్లు, విజిల్ సర్దాను. విజిల్ రెండుసార్లు ఊది చూశాను. పక్కింటి కుక్క తిట్టింది.

మార్చి 10, ఆదివారం, ఉదయం 5.00

వాన లేదు. అలలు పెద్దవని రేడియోలో అన్నారు. మేం ఈదడానికి వెళ్ళడం లేదు కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

అదే రోజు, సాయంత్రం 7.15

ఇరవై మూడు మందిమి వెళ్ళాం, ఇరవై మూడు మందిమి వచ్చాం.

తొమ్మిది మంది కొత్తవాళ్ళు. మా బృందం పెద్ద చీఫ్ లెజామా ఎవరి పేరూ అడగడు. ఫైర్ సర్వీసులో చేసి రిటైరైన మనిషి, డెబ్బై ఒకటి నిండాయి, ఇప్పటికీ నాకన్నా ముందు కొండెక్కుతాడు. అడవిలో పేర్లతో పనేముందమ్మాయ్, తలలు చాలు అంటాడు. తలలు లెక్కపెట్టేది నేను. పొద్దున నడక మొదలయ్యే వంతెన దగ్గర ఒకసారి, ఒడ్డున భోజనాలయ్యాక ఒకసారి, సాయంత్రం మ్యాక్సీ వ్యాన్ ఎక్కాక ఒకసారి. లెక్క సరిపోగానే చీఫ్ గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొడతాడు, అందరూ చప్పట్లు కొడతారు. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి.

మేమంతా పారియా జలపాతం చూసి వచ్చేసరికి చీఫ్ ఒడ్డున పెలావ్ వండేసి ఉంచాడు. మాడ్చిన పంచదారలో వేగిన కోడి, పచ్చి కందులు, కొబ్బరి పాలు కలిపి వండిన అన్నం. పసుపు జెర్సీ వేసుకున్నాయన రెండుసార్లు వడ్డించుకుని, మూడోసారి చీఫ్ వంట చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. వ్యాన్‌లో కూడా ఆయనదే గోల. అరీమాలో ఫ్రిజ్‌లు బాగు చేస్తాడట. మా డ్రైవర్ ఇంట్లో ఫ్రిజ్ సంగతి విని, దానికి ఇక అంత్యక్రియలే గతి అని చెప్పి కార్డు చేతిలో పెట్టాడు.

గిన్నె అడుగున మాడు నాకే దక్కింది. అరచేయంత ముక్క.

మోకాలు సలుపుతోంది. ఏదో మరిచిపోయినట్టుంది. సంచీ రెండుసార్లు కుమ్మరించి చూశాను. విజిల్ ఉంది, సీసా ఉంది, అన్నీ ఉన్నాయి.

మార్చి 11, సోమవారం, మధ్యాహ్నం 12.40

నేను పనిచేసే మందుల షాపు వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను.

ఇందాక ఒక ముసలాయన కోసం బీపీ మాత్రలు ట్రేలో ఐదేసి చొప్పున లెక్కపెట్టాను. ముప్పై. సరిపోయాయి. సీసాలో పోయబోతుంటే, నా దగ్గర పని నేర్చుకున్న నరీనా నా చెయ్యి పట్టుకుంది. రోజ్లిన్ అక్కా, కళ్ళద్దాలు ఇంట్లో పెట్టొచ్చావా, అందులో ఒకటి మన మాత్ర కాదు చూడు అంది. నిజమే. అదే తెలుపు, అదే సైజు, మధ్యలో గీత లేదు. ముందు ఏ మాత్రో చూడు, తర్వాత లెక్కపెట్టు అని దానికి నేర్పింది నేనే.

నిన్న నేను లెక్కే పెట్టాను. మొహాలు చూడలేదు.

ఊదా రంగు టోపీ. వ్యాన్‌లో ఊదా టోపీ ఎక్కడ?

12.55

ఫోన్‌లో మా గ్రూపు ఫొటోలు తెరిచి చూశాను. పొద్దున వంతెన దగ్గర ఇరవై మూడు. ఓ చివర ఊదా రంగు గడ్డి టోపీ పెట్టుకున్న పెద్దావిడ, నవ్వుతోంది. పసుపు జెర్సీ లేదు. సాయంత్రం వ్యాన్ పక్కన ఇరవై మూడు. పసుపు జెర్సీ ఉంది. టోపీ లేదు.

వేలు పెట్టి నాలుగుసార్లు లెక్కపెట్టాను.

2.20

చీఫ్‌కి ఫోన్ చేశాను. నవ్వాడు. ఇరవై మూడంటే ఇరవై మూడే, నలభై ఏళ్ళలో ఒక్క మనిషిని పోగొట్టలేదు నేను, నీకు భయం జబ్బు ముదిరింది అన్నాడు. ఆ పసుపు జెర్సీ పొద్దున మనతో వచ్చాడా చీఫ్ అని అడిగాను. ఆయన నవ్వు ఆగిపోయింది. తర్వాత చిన్న గొంతుతో, వాడు రెండ్రోజులుగా ఒడ్డున గుడారం వేసుకుని ఉన్నాడమ్మాయ్, వాసన పట్టుకుని వచ్చాడు, ఒక ప్లేటిచ్చాను, మాతో వచ్చెయ్ అన్నాను, ఎవరొచ్చినా పెట్టేదే కదా అన్నాడు.

అవును. ఎవరొచ్చినా పెట్టేదే. వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి, తిన్నాక వాళ్ళ తల కూడా లెక్కపెట్టేశాను.

ఆవిడ పేరు గ్రూపులో ఎవరికీ తెలియదు. నీ స్నేహితురాలు అనుకున్నాను అని ప్రతివాళ్ళూ ఇంకొకళ్ళతో అంటున్నారు.

5.30

చీఫ్, నేను పోలీసు స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడి ఆయన మర్యాదగానే మాట్లాడాడు. పేరు చెప్పండమ్మా అన్నాడు. తెలియదు. వయసు? అరవై ఉంటుందేమో. ఇల్లు? తెలియదు. టోపీ రంగు మాత్రం చెప్పగలిగాను. అన్నీ రాసుకున్నాడు. ఈ అలల్లో ఇప్పుడు పడవ ఒడ్డుకు చేరదు, చీకట్లో ఆ దారిన మనుషుల్ని పంపితే ఇంకో నలుగుర్ని వెతకాలి, తెల్లారగానే బయల్దేరదాం అన్నాడు. ఆయన మాట సబబే. సబబైన మాట వింటే కూడా ఏడుపొస్తుందని ఇవాళ తెలిసింది.

డ్రైవర్ దగ్గర కార్డు తీసుకుని పసుపు జెర్సీ ఆయనకు ఫోన్ చేశాను. పేరు ఆన్సిల్. అవునక్కా, టోపీ ఆవిడ, జలపాతం కింద ఎదురైంది, ఒడ్డుకెటు అని అడిగింది, నీళ్ళ వెంటే పొమ్మన్నాను అన్నాడు. అంతలోనే ఆగిపోయాడు. అక్కడ రెండు వాగులున్నాయక్కా, ఏ నీళ్ళో చెప్పలేదు అన్నాడు. ఫోన్‌లోనే ఏడ్చాడు. రేపు నేనూ వస్తానన్నాడు.

6.40

ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయను.

జలపాతం దగ్గర అందరూ బయల్దేరారు. ఆవిడ బూట్లు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. లేవండి అన్నాను. నువ్వు పద అమ్మాయ్, రెండు నిమిషాల్లో నీ వెనకే ఉంటాను అంది. నా వెనక ఎవరూ ఉండకూడదు. ఆ మాట నాకు తెలియక కాదు. కానీ కింది నుంచి పెలావ్ వాసన వస్తోంది. ఆలస్యమైతే మాడు వేరేవాళ్ళు గీకేస్తారు. ప్రతి ఆదివారం అదే జరుగుతుంది. త్వరగా రండి, మాడు అయిపోతుంది అని ఆవిడతో నవ్వుతూ చెప్పి దిగిపోయాను.

ఒడ్డున లెక్కపెట్టేటప్పుడు ఆవిడ గుర్తొచ్చింది. ఇరవై మూడు రాగానే, హమ్మయ్య, ఎటో దాటుకుని వచ్చేసింది అనుకున్నాను. తల తిప్పి చూడలేదు. చూస్తే లేదేమోనని.

మాడు కోసం ఒక మనిషిని వదిలేశాను. ఇప్పుడు ఆవిడ అక్కడ ఉంది. ఉండాలి. ఉంటే చాలు.

మార్చి 12, మంగళవారం, ఉదయం 4.45

పడవ దొరికింది. అలలు తగ్గాయి.

అదే రోజు, సాయంత్రం 4.00

బతికే ఉంది. బతికే ఉంది. బతికే ఉంది.

ఒడ్డు దగ్గర అల పడవను రెండుసార్లు ఎత్తేసింది. నడుముదాకా తడిశాం. ఇద్దరు పోలీసులు, చీఫ్, ఆన్సిల్, నేను. మొదటి వాగు వెంట వెళ్ళకుండా, ఎవరూ నడవని రెండో వాగు వెంట ఎక్కాం. పది అడుగులకోసారి విజిల్ ఊదాను. ప్రతిసారీ ఆగి చెవులు రిక్కించాం. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. ఆరోసారో ఏడోసారో ఊదాక, టక్. మళ్ళీ టక్, టక్. రాయి మీద రాయి.

గట్టు విరిగి పడిన గుంతలో, చెట్టు వేళ్ళ మధ్య కూర్చుని ఉంది. చీలమండ గుమ్మడికాయలా వాచింది. పెదాలు తెల్లగా పగిలిపోయాయి. టోపీ ఒక కర్రకు తగిలించి పైకి పెట్టింది. మేం పెలావ్ తిన్న చోటికి అక్కడి నుంచి రెండు వందల అడుగులు కూడా లేదు. నడిచి చూశాను కాబట్టి తెలుసు.

చీఫ్ గుంతలోకి దిగి, అమ్మా మీ పేరేంటమ్మా అని అడిగాడు. ఆయన అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. ఓడెట్ అంది. ఆన్సిల్ ఆవిణ్ణి వీపు మీద మోసుకుని ఒడ్డుదాకా తెచ్చాడు. దారంతా ఒకటే మాట, క్షమించు ఆంటీ, క్షమించు ఆంటీ. నాయనా, నా మోకాలు ఆ చెట్టుకు కొట్టకుండా నడువు, క్షమాపణ తర్వాత చెబుదువు గాని అంది ఆవిడ.

ఆవిడ నా వైపు చూసింది. నేను పడవ తాడు వైపు చూశాను.

మార్చి 13, బుధవారం

గ్రూపు నిండా నా పేరే. రోజ్లిన్ పట్టుకోకపోతే ఆవిడ పోయేది, రోజ్లిన్ కళ్ళు డేగ కళ్ళు, రోజ్లిన్‌కి దండ వెయ్యాలి. నరీనా కేకు తెచ్చింది. షాపులో అందరూ తిన్నారు. నేను కడుపు నొప్పి అన్నాను.

అబద్ధం కూడా కాదు.

మార్చి 16, శనివారం

ఆసుపత్రికి వెళ్ళాను. గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను.

ఓడెట్ క్వామినా. స్కూలు యూనిఫాంలు కుట్టి కుట్టి రిటైరైంది. పక్క దీవి టొబాగో నుంచి వచ్చి ఏడు నెలలే అయింది. మోర్వాంట్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది. ఊళ్ళో ఎవరూ తెలియక, మనుషులు తెలుస్తారని మా బృందంతో వచ్చిందట. అందుకే ఆదివారం రాత్రి ఇంటికి రాలేదని అడిగే దిక్కు లేకపోయింది.

కాలికి కట్టు. మొహం తేటపడింది. నేను తెచ్చిన నారింజలు ఒలిచి నాకే సగం పెట్టింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మంచం ఇనప చువ్వ గోకుతూ కూర్చున్నాను. ఆవిడే అడిగింది. ఇంతకీ నీకు మాడు దొరికిందా?

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. దొరికిందన్నాను. ఏడ్చాను. పక్క మంచం మనిషి నర్సును పిలవనా అంది.

ఓడెట్ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత మెల్లగా చెప్పింది. పడ్డాక అరిచాను, అలల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. మీ గొంతు మాత్రం గాలి వాటున వినపడుతూనే ఉంది. నువ్వు లెక్కపెడుతుంటే నేనూ నీతోపాటు లెక్కపెట్టాను. ఇరవై రెండు దగ్గర ఆగుతావు, ఇప్పుడు వెతకడానికి వస్తారు అని టోపీ సర్దుకుని కూర్చున్నాను. నువ్వు ఇరవై మూడు అన్నావు. గరిటె మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు అనుకున్నాను అమ్మాయ్, అయితే నేను ఈ మనుషుల్లో లేనే లేను కాబోలు అని. దెబ్బ కన్నా అదే ఎక్కువ నొప్పి పుట్టింది.

ఈ మాట గానీ, నేను వదిలేసి దిగిపోయిన సంగతి గానీ ఇంకెవరికీ చెప్పలేదట. చెప్పనని కూడా అంది. అది విన్నాక ఇక నేను చెప్పకుండా ఉండలేను.

మార్చి 17, ఆదివారం

నడక లేదు. చీఫ్ ఇంటికెళ్ళి మాడు సంగతి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కుర్చీలో ముందుకు వంగి, ఆ మాడు నేనే నీకోసం అట్టిపెట్టాను కదమ్మాయ్ అన్నాడు.

గ్రూపులో కూడా రాశాను. తర్వాత ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేం లేదు.

ఏప్రిల్ 7, ఆదివారం

చీఫ్ ఒక నోటు పుస్తకం కొని పంపాడు. మొదటి పేజీలో ఆయన చేతిరాతలో ఒకటే పేరు. ఓడెట్ క్వామినా. మిగతా పేర్లు నువ్వు రాయి అన్నాడు.

మే 19, ఆదివారం

ఫోర్ట్ జార్జ్. తారు రోడ్డు. పంతొమ్మిది మందిమి. దిగి వచ్చాక పేర్లు చదివాను. పంతొమ్మిది గొంతులూ పలికాయి. చీఫ్ గరిటె ఎత్తాడు, ఆగమన్నాను. కొండ వైపు తిరిగి, ఇంకెవరైనా ఉన్నారా అని అరిచాను.

ఓడెట్ వ్యాన్‌లో ముందు సీట్లో ఉంది, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, మాడు ప్లేటుతో. అందరం ఉన్నాంలే, ఎక్కు అంది.

ఇంకోసారి అరిచాను.