గొర్రెపిల్ల బతికింది

నా జీనత్‌కు,

అల్లా నీ గుండెకు నిబ్బరమివ్వాలి. అక్కడ మీ పుట్టింట్లో అందరూ కులాసాయేనని, నువ్వు మాత్రం ఎవరితోనూ పలకడం లేదని నీ తమ్ముడు చెప్పాడు.

గురువారానికి మన పాప బురుల్ పోయి నలభయ్యో రోజు. వాకిట్లో మళ్ళీ సంతాపపు ఉన్ని గుడారం వేస్తున్నారు. తల్లి లేని గుడారంలోకి జనం ఏ ముఖంతో వస్తారు? వచ్చెయ్యి.

నీ మౌనం చూస్తే నాకు భయంగా ఉంది. ఏ మదర్సాలోనూ చదవలేదు నేను. గొర్రెల వెనక నడుస్తూ గ్రంథం నేర్చుకుని, ఊరూరా చెబుతున్నాను. అల్లాకు తెలియకుండా ఆకైనా రాలదు. ఆయన పనిలో వంకర చూసేవాడి చూపే వంకర! కొండ జారి బురదై దిగినా, ఆ పూట గొర్రెపిల్ల కోసం వెళ్ళిన మన పిల్ల తిరిగి రాకపోయినా, అది ఆయన లెక్కే. ఏడుపుపాట ఆయన మీద ఫిర్యాదు. అందుకే ఆ రోజు ఆడవాళ్ళు గుడారంలో గోడకేసి తిరిగి పాట ఎత్తుకోబోతే వద్దన్నాను. మీ నాన్న ఆచారం ప్రకారం "నా తల్లీ, చిట్టితల్లీ" అని కేకలేస్తూ గుర్రాన్ని దౌడు తీయించుకొస్తే, ఎదురెళ్ళి కళ్ళెం పట్టాను.

"మామా, గొంతు దించు. కేకలెయ్యడం పాపం."

"తాతని కూడా ఏడవనివ్వవా, సాదిర్?" అన్నాడాయన. అయినా నేను కళ్ళెం వదల్లేదు.

బతికొచ్చిన ఆ గొర్రెపిల్లనే నలభయ్యో రోజు విందుకు కోస్తాను. నువ్వు రా.

సాదిర్‌బెక్


బురుల్ వాళ్ళ నాన్నకు సలాం.

మీ ఉత్తరం తమ్ముడు చదివి వినిపించాడు. ఇది కూడా వాడే రాస్తున్నాడు.

నాకు గ్రంథం తెలియదు. బక్రీదుకు మీరు చెప్పే కథొక్కటే తెలుసు. తండ్రి కత్తి ఎత్తితే అల్లా బిడ్డను దక్కించి, బదులుగా పొట్టేలును పంపాడని. బురుల్ మీ ఒళ్ళో కూర్చుని మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. మరి మనింట్లో గొర్రెపిల్ల బతికి బిడ్డ పోయిందేం?

ఆయనలో లోపం లేదంటారు. లేకపోతే మంచిదే. కానీ ఆ పూట "పరుగెత్తుకెళ్ళి గొర్రెపిల్లను తోలుకురావే" అని పంపింది నేను. ఆయన తప్పు కాకపోతే ఇక నాదే కదా. మీరు ఆయన్ని వెనకేసుకొచ్చినప్పుడల్లా నేను ఇంకొంచెం ఆ బురదలోకి దిగిపోతున్నాను.

నేను రాను.

జీనత్


నా జీనత్, బురుల్ వాళ్ళమ్మా,

నీ ఉత్తరం అందేసరికి గొర్రెపిల్లను కాళ్ళు కట్టి పడుకోబెట్టి ఉన్నాను. పక్కింటి కానిషాయ్ అవ్వ బిందెతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. ఉత్తరం చదివాను. కత్తి చేతిలోనే ఉంది, చెయ్యి లేవలేదు.

"ఏం, దానికీ ప్రసంగం చెబుతావా?" అంది అవ్వ. ఉత్తరంలో సంగతి చెప్పాను. బిందె దించింది. "నిన్ను వకీలుగా పెట్టుకున్నానని అల్లా ఎప్పుడన్నా చెప్పాడా నాయనా? ఆయన కేసు గెలిపించడానికి పెళ్ళాన్ని బోనెక్కించావు!"

కట్లు విప్పేశాను. అది బురుల్ చెప్పుల దగ్గరికెళ్ళి నిలబడింది.

నీకు జవాబు కోసం గ్రంథమంతా గాలించాను జీనత్. దొరకలేదు. యాకూబు ప్రవక్త కనిపించాడు. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడిపోయిన ముసలాయన. నా దుఃఖం దేవుడికే మొరపెట్టుకుంటానన్నాడు. అల్లా ఆయన్ని నోరు ముయ్యమనలేదు. ఆ పుట నాకు కంఠతా వచ్చు. దాని మీద ఒక్కనాడూ మాట్లాడలేదు.

నీ తప్పు కాదు. ఎండ కాస్తున్న పూట, ఏ తల్లయినా పంపుతుంది. మరి ఎవరిదంటావా? నాకు తెలియదు. ఆయన పరిపూర్ణుడనే ఇప్పటికీ నమ్ముతున్నాను, నమ్ముతుంటే పళ్ళ మధ్య ఇసుకలా కరకరలాడుతోంది. కానీ ఆయన బదులు జవాబు చెప్పడం మానేశాను. చెప్పుకోవలసింది ఉంటే ఆయనే చెప్పుకోవాలి.

రేపు నేనే వస్తున్నాను. మీ ఊరి వాగు దాటగానే కేకలేస్తూ, మగవాళ్ళు ఎలా రావాలో అలాగే, గుర్రాన్ని దౌడు తీయించుకుంటూ వస్తాను. మామను ఎదురొచ్చి నా కళ్ళెం పట్టుకోమను. ఈసారి ఆపడానికి కాదు, నన్ను దించడానికి.

తర్వాత మనింటికి వెళదాం. గుడారంలో గోడకేసి తిరిగి కూర్చో. గొర్రెపిల్ల సంగతీ, బురద సంగతీ, ఏదీ దాచకుండా గొంతెత్తి పాడు. గుమ్మం బయట నేను నిలబడతాను, ఎవర్నీ ఆపనివ్వను. ఆయన అన్నీ వింటాడనే కదా ఇన్నేళ్ళూ ఊరూరా చెప్పాను. విననీ.

నీ
సాదిర్