చేపల బకెట్‌కి బకెట్ సీటు

ఆదివారం, రాత్రి

అంబాసిడర్‌లో ముందున్న పొడుగాటి బెంచి సీటు తీసేసి, ఒక్కొక్కరికీ విడిగా ఉండే రెండు బకెట్ సీట్లూ నేనే బిగించాను. కారు అడుగున పాత బోల్టు కన్నాలకు కొత్త సీట్ల పట్టాలు కలవకపోతే ఇనుప యాంగిల్ ముక్కలు కోసి నేనే వెల్డింగ్ చేశాను. పరవాడ ఫ్యాక్టరీల్లో ఎవరెవరి పైపులో అతికించే చేతులు నా బండికి పనికిరావా! ఇవాళ పొద్దున్న ఫిషింగ్ హార్బర్ దాకా అన్నీ గతుకులే. సీటు కిర్రుమనలేదు. మీసముంటే మెలేసేదాన్నే.

వేలంపాటలో అమ్మకానికి చేపలు కొనుక్కుని అమ్మ వచ్చింది. ముందు తలుపు తీసి, చేపల బకెట్‌ని కొత్త సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టింది. తను పోయి వెనక కూర్చుంది.

"అమ్మా, ఏటిది?"

"నువ్వే కదేటే బకెట్ సీటన్నావు! ఇన్నాళ్లూ నాను కాళ్ల మధ్యన ఎట్టుకుని సచ్చేదాన్ని. బకెట్‌కి సీటు సేసినావు, ఎంత తెలివే నా కూతురికి!"

దారంతా నవ్వుతూనే నడిపాను. ఇంటికొచ్చి చూస్తే చుక్క నీళ్లు ఒలకలేదు. అదీ నా వెల్డింగ్!

కానీ రోజూ తిరిగొచ్చేటప్పుడు అమ్మ నా ఎడమ భుజం మీద వాలి నిద్రపోయేది. బెంచి సీటు కాబట్టి కుదిరేది. ఇవాళ ఆ భుజం తేలిగ్గా ఉంది. అదే ఏదోలా ఉంది...

తీసేసిన బెంచి వరండాలో పడుంది. రేపు పాత ఇనుముకి వేసేద్దామనుకున్నాను. ఇప్పుడు చూస్తే అమ్మ దాని మీదే కూర్చుని నిద్రపోతోంది, ఎడమ చివరికి ఒదిగి, డ్రైవర్ వైపు ఖాళీ ఉంచి.