రెండు వందల పన్నెండో పేజీ

నా వయసు డెబ్బై మూడు. వృత్తి వైద్యం. దానితోపాటు నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఇప్పటికి ఏడు ముద్రణలు పొందిన ఒక పాఠ్యపుస్తకం రాశాను. ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఈ వీలునామా రాయిస్తున్నాను. బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. ఇచ్చినవాడు నా శిష్యుడే. చూడకుండానే సంతకం పెట్టబోతే కోప్పడి, పద్ధతి ప్రకారం పరీక్ష చేయించుకున్నాను. రెండు ప్రశ్నలు తప్పుగా అడిగాడు. దిద్దాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా బావమరిదిది. అతను లాయరు. "బావా, వీలునామాలో తిట్లు రాయకూడదు" అని ఇప్పటికి మూడుసార్లు అన్నాడు. అవి తిట్లు కావు, కేసు వివరాలు.

1. ఈ ఇల్లూ, కింద విడిగా చెప్పినవి తప్ప ఇంట్లో ఉన్నవీ, బ్యాంకులో ఉన్నదీ నా భార్యకు సర్వహక్కులతో చెందుతాయి. ఏడు ముద్రణల ప్రూఫులూ ఆమే దిద్దింది. డాక్టరు కాకపోయినా, కాలేయం గురించి నా సహోద్యోగుల్లో సగంమంది కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ముందుమాటలో ఆమెకు కృతజ్ఞతలు చెప్పడం ఏడుసార్లూ మరిచిపోయాను. ఆ ఒక్క తప్పు మాత్రం ఆమె దిద్దలేదు.

2. నా రాతబల్ల మా అమ్మాయికి. దానికి ఒక కాలు పొట్టి. తొమ్మిదేళ్లప్పుడు తనే స్కేలుతో కొలిచి, సరిపోయిందని నా పుస్తకం రెండో ముద్రణను దాని కింద పెట్టింది. ఇప్పుడు వంతెనలు కడుతోంది. ఆ పుస్తకానికి అంతకంటే గట్టి ఉపయోగం ఇంకెవరూ చూపించలేదు కాబట్టి రెండూ కలిపే తీసుకోవాలి.

3. నాతోపాటు రిటైరైన సర్జన్, అందరూ 'కత్తి' అని పిలిచే మహానుభావుడికి, మోకాలి మీద తట్టి చూసే నా రబ్బరు సుత్తి. పదకొండేళ్ల కిందట ఒక్క గంట కోసమని తీసుకెళ్లాడు. దాంతో గోడకు మేకులు కొడుతున్నాడని వాళ్లావిడ మా ఆవిడతో చెప్పింది. ఇందుమూలంగా అది ఆయన సొంతమైంది. ఇకమీదట పరాయి సుత్తితో కొట్టే సరదా కూడా ఉండదు.

4. ఇది అసలు సంగతి. ప్రతిదానికీ చెయ్యెత్తి అడిగే ఒక విద్యార్థినిని మేం 'సందేహం' అని పిలిచేవాళ్లం. పందొమ్మిదేళ్ల కిందట ఆఖరి సంవత్సరం పరీక్షలో ఆమె పన్నెండో నంబరు మంచం మీది దర్జీని చూసి, గుండెలో సన్నని శబ్దం ఒకటి ఉందని చెప్పింది. ఆ రోజు ఆమెకు ఏ సందేహమూ లేదు. నేను స్టెతస్కోపు పెట్టి విన్నాను. "లేని శబ్దం ఎక్కణ్నుంచి తెచ్చావమ్మా?" అన్నాను. "ఉంది సార్. ముందుకి వంగి ఊపిరి బిగబట్టమనండి, వినిపిస్తుంది" అంది. వంగమన్నాను. అప్పుడూ ఏమీ వినపడలేదు. ఫెయిల్ చేశాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. తర్వాత వచ్చిన ఐదో ముద్రణలో, 212వ పేజీలో, చుట్టూ గీతలు గీసిన పెట్టె ఒకటి పెట్టి, లేని శబ్దాలు వినే విద్యార్థి గురించి సరదాగా రాశాను. పేరు రాయలేదు గానీ కాలేజీలో అందరికీ తెలుసు. మూడు ముద్రణలుగా పిల్లలు చదివి నవ్వుతున్నారు. నా పుస్తకంలో వాళ్లు నిజంగా చదివే పేజీ అదొక్కటే.

పోయిన ఏడాది మా ఆవిడ గొంతు నానాటికీ పీలగా అయిపోతోందని నాకు అనుమానం వచ్చింది. ఆమె వద్దంటున్నా చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన ఆమె గొంతు చూసి, చాలా మర్యాదగా నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. సన్నని శబ్దాలు నాకు బొత్తిగా వినపడవని తేలింది. ఎప్పటినుంచని అడిగితే, పాత ఇంట్లో కూడా కాలింగ్ బెల్ వినేది తానేనని మా ఆవిడ చెప్పింది. పాత ఇల్లు ఖాళీ చేసి ఇరవై ఏళ్లు. లెక్క నేనే వేసుకున్నాను.

దర్జీని పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. నా తెల్ల కోట్లు కుట్టేది ఆయనే. అడగ్గానే చొక్కా గుండీలు విప్పి ఛాతీ మీద నిలువు మచ్చ చూపించాడు. ఫెయిలైన వారంలోనే ఆమె ఆయన్ని వెంటబెట్టుకుని వేరే ఆసుపత్రికి వెళ్లి, గుండెలో కవాటం మార్పించిందట. "మీరు నొచ్చుకుంటారు, చెప్పొద్దంది సార్" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కనుక ఎనిమిదో ముద్రణలో ఆ పెట్టె తీసివేయాలి. ఆ చోట జరిగింది జరిగినట్టు, తప్పు నాదేనని అచ్చువేయాలి. పుస్తకం మీద సర్వహక్కులూ ఆమెవి. అట్ట మీద ఆమె పేరు ముందు, నాది తర్వాత. నా స్టెతస్కోపు కూడా ఆమెకే. అది బాగానే పనిచేస్తుంది, ఎప్పుడూ పనిచేసింది.

5. పై క్లాజు చదివి బావమరిది కాగితం కింద పెట్టాడు. "బావా, ఇది నువ్వు పోయాక చదివేది. ఆవిడకి చెప్పాల్సింది బతికుండగా చెప్పు. లేదంటే భయపడ్డావనుకుంటారు" అన్నాడు. భయపడ్డ మాట నిజమే. అయినా ఫోన్ చేశాను.

నిన్న సాయంత్రం వచ్చింది. నేను వదిలొచ్చిన ప్రొఫెసరు కుర్చీ ఇప్పుడు ఆమెదే. నాలుగో క్లాజు చదివి వినిపించి, క్షమించమని అడిగాను. "ఆర్నెల్లు ఇంట్లో ఎవరికీ మొహం చూపించలేకపోయాను సార్" అంది. ఏడ్చాను. కాసేపు ఏడవనిచ్చి, బల్ల మీదున్న నా స్టెతస్కోపు అందుకుంది. "ఏదీ, ముందుకి వంగండి. ఊపిరి బిగబట్టండి" అంది. చాలాసేపు విన్నది.

"మీకూ ఉంది సార్" అంది.

స్టెతస్కోపు నా చెవులకు పెట్టింది. నాకేమీ వినపడలేదు. ఈసారి మారు మాట్లాడలేదు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆమె దగ్గరికి పరీక్షలకు వెళుతున్నాను. కవాటం మార్చాల్సి వస్తే ఈ వీలునామా అమలు కొన్నేళ్లు ఆలస్యం కావచ్చు. వారసులు ఓపిక పట్టాలి. ఎనిమిదో ముద్రణ మాత్రం నా కోసం ఆగనక్కర్లేదు.

తేదీ: ఆగస్టు ఇరవై రెండు, శనివారం.

సంతకం: (ఒక వంకర గీత)
పై పుస్తకానికి ఇకనుంచి రెండో రచయిత

సాక్షులు:
మా వీధి మందుల షాపు యజమాని. పై గీత నా సంతకమేనని గుర్తుపట్టగలిగింది ఈయనొక్కడే.
పన్నెండో నంబరు మంచం మీది దర్జీ. సంతకం చేసి, కింద తనంతట తానే ఒక మాట చేర్చాడు: "ఆ శబ్దం ఉండేది."