డ్యామ్ చూపిస్తానని చెప్పి

ఫిబ్రవరి 3

కాల్గరీలో మైనస్ ఇరవై ఎనిమిది. రాత్రి కారు ఇంజన్ గడ్డకట్టకుండా కరెంటు ప్లగ్ పెట్టడం మరిచిపోయా, స్టార్ట్ కాలేదు. బస్‌స్టాప్‌లో గ్లవ్ తీసి ఫోన్ చూస్తే ఈమెయిల్... సీటు వచ్చింది! పాత కట్టడాల రాళ్ళను బాగుచేసే కోర్సు. రెండేళ్ళు, దేశం ఆ చివర ఒంటారియోలో. ఇరవై ఏడో తేదీ లోపు అవునో కాదో చెప్పాలి.

ఆ తర్వాత ఆఫీసు. ఎనిమిది గంటలు ఎవరివో ఆయిల్ బావుల లెక్కలు, ఎక్సెల్ గళ్ళు. ఇంటికొస్తే అమ్మ ఫోన్‌లో మా చర్చి సుగుణ ఆంటీతో: "మా షారోను ఈ ఏడు టీమ్ లీడ్ అవుద్ది వదినా, కూటంలో ప్రార్థన పెట్టండి."

ఈమెయిల్ మూసి ఫోన్ జేబులో పెట్టేశా.

ఫిబ్రవరి 4

సీటు సంగతి అమ్మకు ఈజిప్టులో చెప్తా. మరియమ్మ బాలయేసుతో తలదాచుకున్న గుహ చూడాలని అమ్మ మూడేళ్ళుగా అడుగుతోంది. వచ్చే వారమే ప్రయాణం. కైరో తర్వాత అస్వాన్ రెండు రోజులు నేను కలిపా. ఫిలే కోసం. నైలు మధ్య లంకలో ఐసిస్ దేవత గుడి, రెండువేల ఏళ్ళు దాటినా నిక్షేపంలా ఉంది. ఫొటోల్లో చూసి చూసి కళ్ళు అరిగాయి.

గుడి అంటే అమ్మ రాదు.

"అక్కడ పెద్ద డ్యామ్ ఉందమ్మా" అన్నా. అబద్ధం కాదు. ఉంది.

అమ్మది మాచర్ల. కళ్ళు మెరిశాయి. "మన సాగర్ కంటే పెద్దదా?"

ఫిబ్రవరి 8

సుగుణ ఆంటీ కూడా వస్తోంది. అయిపోయా.

"అమ్మాయ్, అక్కడ విగ్రహాలు గట్రా ఉండవు గదా?"

"డ్యామ్‌లో విగ్రహాలేంటి ఆంటీ!"

నాన్న రానన్నారు. "గోడలు చూడాలంటే మన బేస్‌మెంట్‌లో నాలుగున్నాయి" అట.

ఫిబ్రవరి 14

కైరో. గుహ. అమ్మ ఏడ్చింది, ఆంటీ ఏడ్చింది, చూసి నేనూ ఏడ్చా. ఇదే సమయం అనుకుని నోరు తెరిచా —

"అట్టా నిలబడక ఫొటో తియ్యవే."

ఫిబ్రవరి 16

అస్వాన్. డ్యామ్ చూశాం. పది నిమిషాలు. అదొక పొడుగాటి రోడ్డు, అటు నీళ్ళు, ఇటు నీళ్ళు. అమ్మ గైడ్ మహమూద్‌ని నిలదీసింది. "గేట్లు ఏవి?"

నేను ఇంగ్లీషులోకి మార్చా. గేట్లు ఇక్కడి నుంచి కనపడవట.

"గేట్లు కనపడని డ్యామేంటే? సాగర్‌లో గేట్లెత్తితే నాలుగు ఊళ్ళు కదిలొచ్చేవి..." మహమూద్ తన తప్పే అన్నట్టు తల దించుకున్నాడు.

ఆంటీ పొద్దున హోటల్లో కలిపి తెచ్చిన పులిహోర ఎండలో నిలబడి తిన్నాం. మహమూద్ కూడా తిన్నాడు. చింతపండు తగలగానే ఒక కన్ను మూశాడు, రెండోసారి పెట్టించుకున్నాడు.

"రేపు ఇంకోటి ఉందమ్మా. లాంచీలో వెళ్ళాలి."

"గేట్లుంటయ్యా?"

"...ద్వారాలుంటాయి."

ఫిబ్రవరి 17

ఫిలే.

లాంచీ మలుపు తిరగ్గానే — వచ్చేసింది. నీళ్ళలోంచి లేచినట్టు. రెండు గోపురాలంత గోడలు, వాటి నిండా ముగ్గురు మనుషుల ఎత్తు దేవతలు. ఫొటో తియ్యడం కూడా మరిచా.

"డ్యామ్ ఏదే?" అంది అమ్మ.

చెప్పా. డ్యామ్ నీళ్ళలో ఈ గుడి మునిగిపోతుంటే రాయి రాయికీ నంబరేసి, విప్పి, పక్క లంకలో మళ్ళీ కట్టారని.

అమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని గోడల వైపు చూసింది. "నాగార్జునకొండ మాదిరా?"

"అవునమ్మా."

"ఏడో తరగతిలో తీసుకెళ్ళారు. ఇట్టాంటి లాంచీనే. దారంతా వాంతులు." ముఖంలో కోపం రావాల్సిన చోట ఏదో వేరేది వచ్చింది.

కోపం అంతా ఆంటీకి వచ్చింది. "డ్యామని చెప్పి గుడికి తెస్తావా అమ్మాయ్? నేను లోపలికి అడుగు పెట్టను." బయట స్తంభాల వరండాలో కూర్చుంది, దేవతకు వీపు పెట్టి. ఎదురు గోడ మీద ఇంకో దేవత. పక్కకు తిరిగింది. అక్కడా. చివరికి కళ్ళు మూసుకుంది. ఒళ్ళోకి పిల్లి ఎక్కింది.

అమ్మ నా వెంట వచ్చింది. మొదటి గోడ మీద బొమ్మలకు ముఖాల్లేవు, ఉలి గాట్లే.

"ఎవరు చెక్కేశారు పాపం?"

నేను ఇంగ్లీషులో అడిగితే, "క్రిస్టియన్స్, మేడమ్" అన్నాడు మహమూద్, చాలా మర్యాదగా.

"మనోళ్ళా!" సిగ్గుపడాలో మెచ్చుకోవాలో తేలక కొంగు సర్దుకుంది.

లోపల స్తంభాల హాలు. చల్లగా, చీకటిగా, పైన ఇంకా రంగులు. అక్కడ ఒక రాతి మీద చెక్కిన శిలువ. ఒకప్పుడు దీన్నే చర్చి చేసుకున్నారట. నేను చెప్పడం పూర్తికాకముందే అమ్మ వెనక్కి నడిచి, గుమ్మం బయట చెప్పులు విప్పేసి వచ్చింది. మాచర్ల చర్చి ముందు విప్పినట్టే. తల మీద కొంగు, మోకాళ్ళ మీద మనిషి. నేనూ కూలబడ్డా. మహమూద్ టోపీ తీశాడు.

ఇక ప్రార్థన. గట్టిగా, తెలుగులో, ఐసిస్ గుళ్ళో. జర్మన్ టూరిస్టులు ఆగారు. కాపలాదారు వచ్చి నిలబడ్డాడు. అమ్మ ఎవరినీ వదల్లేదు: చర్చికొచ్చే కిరణ్ బాబు వర్క్ పర్మిట్, సుగుణ వదిన మోకాలు, మా ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్, పాస్టర్ గారి షుగర్... "నా బిడ్డ షారోనుకు టీమ్ లీడ్ ఇప్పించు తండ్రీ, ఆ కుర్చీలోనే స్థిరపరచు, ఆమెన్."

"ఆమెన్" అన్నాడు మహమూద్. జర్మన్లలో ఒకావిడ కూడా.

నేను అనలేదు.

అమ్మ ఒక కన్ను తెరిచింది. "ఆమెన్ ఏదే?"

"నాకా కుర్చీ వద్దమ్మా."

అక్కడే, మోకాళ్ళ మీదే, చెప్పేశా. సీటు, రెండేళ్ళు, ఒంటారియో, ఇరవై ఏడు.

అమ్మ గుమ్మం వైపు, ముఖాల్లేని బొమ్మల వైపు చూసింది. "వాళ్ళకి మళ్ళా ముక్కులు పెడతావా?"

"లేదు. ఉన్నది రాలిపోకుండా చూడటమే."

"దానికి రెండేళ్ళా?"

అంతే. లేచి బయటికి నడిచింది. చెప్పుల మీద ఇంకో పిల్లి పడుకుని ఉంది. లేపబోతే మహమూద్ అడ్డుపడ్డాడు, ఈ లంక పిల్లులదేనట. అమ్మ కాలే రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో గెంతుతూ వెళ్తుంటే ఆంటీ కళ్ళు తెరిచింది.

"రూతమ్మా! చెప్పులిప్పి వెళ్ళావా? విగ్రహాల దగ్గరికి?"

"శిలువుంది లోపల. పో, చూసిరా."

ఆంటీ వెళ్ళింది. నలభై నిమిషాలు రాలేదు. లాంచీవాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు.

ఫిబ్రవరి 20

కాల్గరీ. మైనస్ పందొమ్మిది. అమ్మ నాతో మాట్లాడుతోంది, కానీ అన్నం, ఉప్పు, డ్రయ్యర్‌లో బట్టలు... అంతవరకే.

ఫిబ్రవరి 22

చర్చిలో సుగుణ ఆంటీ లేచి సాక్ష్యం చెప్పింది. అన్యదేవత గుళ్ళో అందరికంటే ముందు మోకరించి ప్రార్థించిందట — తనే! వరండాలో పిల్లి సంగతి లేదు. అందరూ చప్పట్లు. అమ్మ నా వైపు తిరిగింది, పెదవులు బిగబట్టి. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. దగ్గుతో కప్పేశాం.

ఫిబ్రవరి 24

నాన్నకు తెలిసిపోయింది. "రాళ్ళా?" అన్నారు. గంట తర్వాత మళ్ళీ, "రాళ్ళా?"

ఫిబ్రవరి 26

రేపే ఆఖరు. ఈమెయిల్ తెరవడం, మూయడం. అమ్మ వద్దంటే పంపగలనా? పంపకపోతే ఆ కుర్చీలో కూర్చోగలనా?

రాత్రి అన్నాల దగ్గర పప్పుచారు, అప్పడాలు. ముగ్గురం కళ్ళు మూసుకున్నాం. అమ్మ మొదలుపెట్టింది: కిరణ్ బాబు, వదిన మోకాలు, ఫర్నేస్, పాస్టర్ గారు. ఈసారి ఆ జాబితాలో మహమూద్ కూడా చేరాడు. తర్వాత — "నా బిడ్డ షారోనుకు తండ్రీ..."

ఆగింది.

అప్పడాలు మెత్తబడుతున్నాయి. నాన్న గొంతు సవరించుకున్నారు. టీమ్ లీడ్ మాట రాలేదు, కుర్చీ మాటా రాలేదు.

నేను ఒక కన్ను తెరిచా. అమ్మదీ ఒకటి తెరిచే ఉంది.